వెల్లకిలా పడుకుంటే కన్నీరు ఎటు పోతుంది?

కంట్లో నీళ్ళు ఆగకుండా కారుతున్నాయని వచ్చిన రోగికి సీటీ తీస్తే, రిపోర్టులో తరచుగా కనిపించే వాక్యం ఒకటుంది: "ముక్కులోకి దిగే గొట్టంలో కాంట్రాస్ట్ కనిపించలేదు." కాంట్రాస్ట్ అంటే కన్నీటి దారి చిత్రంలో తెల్లగా కనిపించేలా వేసే మందు. రోగి ఆ వాక్యాన్ని గొట్టం మూసుకుపోయిందని చదువుకుంటాడు. హడావుడిలో ఉన్న డాక్టరు కూడా అలాగే చదవొచ్చు. కానీ ఆ వాక్యానికి అర్థం చెప్పాలంటే రిపోర్టులో సాధారణంగా ఉండని కొన్ని వివరాలు కావాలి. స్కాన్ సమయంలో రోగి వెల్లకిలా ఉన్నాడా, బోర్లా ఉన్నాడా, కూర్చుని ఉన్నాడా? గడ్డం పైకి ఎత్తి ఉందా, తల కింద దిండు ఉందా? కాంట్రాస్టును చుక్కలుగా వేశారా, సూదిగొట్టంతో లోపలికి నెట్టారా? చుక్కలు వేసినప్పుడు రెప్పలు ఆడించమన్నారా, కళ్ళు మూసుకుని కదలకుండా ఉండమన్నారా? వీటి మీద ఇప్పటివరకు తెలిసినదాన్ని ఒక వరసలో పెట్టి చూస్తే నాకు తేలింది ఒకటే. ఎముకను చూడటానికి భంగిమ ప్రభావం స్వల్పం, దాన్ని సరిచేసుకునే దారీ ఉంది. ప్రవాహాన్ని చూడటానికి మాత్రం భంగిమ పరీక్షలో భాగమే. దాన్ని రాయని రిపోర్టు సగం రిపోర్టే.

ముందు దారి సంగతి. రెప్పల లోపలి కొసన పైనొకటి, కిందొకటి పంక్టం అనే సన్నని రంధ్రాలుంటాయి. అక్కడి నుంచి సన్నని కాలువలు 2 మిల్లీమీటర్లు నిలువుగా, 8 నుంచి 10 మిల్లీమీటర్లు అడ్డంగా సాగి, చాలామందిలో ఒకటిగా కలిసి కన్నీటి సంచిలో చేరతాయి. సంచి కింది నుంచి ఎముక కాలువలో దిగే గొట్టం ముక్కులోని కింది టర్బినేట్ అనే ఎముక మడత అడుగున తెరుచుకుంటుంది. ఈ గొట్టం సూటిగా కిందికి దిగదు. కొంచెం బయటికి, ఇంకొంచెం వెనక్కి వాలి దిగుతుంది. వెనక్కి వాలే కోణం మనిషిని బట్టి మారుతుంది. 15 నుంచి 30 డిగ్రీలు అనుకోవచ్చు. భంగిమ కథంతా ఈ వాలులోనే ఉంది.

20 డిగ్రీల వాలు ఉన్న మనిషిని తీసుకుందాం. అతను నిటారుగా కూర్చుంటే గురుత్వంలో దాదాపు 94 శాతం గొట్టం వెంబడే పనిచేస్తుంది. అతన్నే వెల్లకిలా పడుకోబెడితే అది 34 శాతానికి పడిపోతుంది. ఇప్పుడు గడ్డాన్ని 20 డిగ్రీలు పైకి ఎత్తిస్తే గొట్టం నేలకు సమాంతరమైపోయి, గురుత్వం సాయం సున్నా అవుతుంది. ఇంకా ఎత్తితే కన్నీరు ఎగువకు పారాలి. అలా కాకుండా తల కింద దిండు పెట్టి గడ్డాన్ని 20 డిగ్రీలు ఛాతీ వైపు దించితే సాయం 64 శాతానికి పెరుగుతుంది. ఇది రోగుల మీద చేసిన ప్రయోగ ఫలితం కాదు, జ్యామితి లెక్క మాత్రమే. అయినా "వెల్లకిలా" అన్న ఒక్క మాట కింద ఎన్ని వేర్వేరు పరిస్థితులు దాగి ఉంటాయో చెప్పడానికి ఈ లెక్క చాలు.

గురుత్వానికే ఇంత ప్రాధాన్యం ఎందుకు, కన్నీటిని నడిపేది రెప్పపాటే కదా అని అడగవచ్చు. నిజమే. రెప్ప పడ్డప్పుడల్లా దాని చుట్టూ ఉండే కండరం కాలువలనూ సంచినీ నొక్కి వదులుతూ కన్నీటిని లోపలికి లాగుతుందని నేత్ర వైద్యుడు లెస్టర్ జోన్స్ కాలం నుంచి చెబుతూనే ఉన్నారు. నొక్కడంలో, వదలడంలో ఏది ఎంత అన్న వాదన మాత్రం ఇంకా ఉంది. గురుత్వం లేని చోట ఏమవుతుందో 2013లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ వీడియోలో చూపించాడు. కంట్లో పోసిన నీరు చెంప మీదికి జారకుండా కంటి దగ్గరే ముద్దలా అంటుకుని పెరుగుతూ పోయింది. గురుత్వం లేకపోతే నీటికి తానుగా ఒక దారి ఉండదు. తలతన్యత ఎక్కడ పట్టి ఉంచితే అక్కడ ఉంటుంది. సీటీ బల్ల మీద గురుత్వం ఉంటుంది, కానీ దాని దిశ మారిపోతుంది. పైగా అక్కడ రెప్పపాటు కూడా ఆగిపోతుంది. "కదలకండి" అనగానే చాలామంది చేసే మొదటి పని కళ్ళు గట్టిగా మూసుకోవడం.

పాతకాలపు వైద్యులకు ఈ సంగతి తెలుసు. కన్నీటి దారిని ఎక్స్‌రేలో మొదట చూపించినవాడు యూయింగ్. 1909లో బిస్మత్ లవణాన్ని ఎక్కించి తీశాడు. తరువాత నూనెతో చేసిన అయోడిన్ కాంట్రాస్ట్, ఆపైన నీటిలో కరిగే కాంట్రాస్ట్ వచ్చాయి. ఈ పరీక్ష పేరు డాక్రియోసిస్టోగ్రఫీ, వాడుకలో డీసీజీ. అది పాఠ్యపుస్తక పద్ధతిగా స్థిరపడ్డాక అందులో ఒక అంశం తప్పకుండా ఉండేది. పడుకోబెట్టి కాంట్రాస్ట్ ఎక్కించి ఫిల్ములు తీశాక, సుమారు 10 నిమిషాలకు రోగిని లేపి నిటారుగా ఉంచి ఇంకో ఫిల్ము తీసేవారు. గురుత్వం పనిచేసినా కాంట్రాస్ట్ సంచిలోనే నిలిచి ఉంటే, సిరంజితో కడిగినప్పుడు నీరు గొంతులోకి దిగినా సరే, దారి పనితీరులో లోపం ఉందని గుర్తించేవారు. 1972లో రాసొమాండో బృందం ప్రవేశపెట్టిన రేడియోధార్మిక చుక్కల పరీక్షలో కూడా రోగిని గామా కెమెరా ముందు కూర్చోబెట్టే చిత్రాలు తీస్తారు. ఒక చుక్క టెక్నీషియం వేసి, మామూలుగా రెప్పలార్పమని చెప్పి, అది ఎంతసేపటికి ఎంత దూరం పోతుందో చూస్తారు. ఎముక కనిపించదు, చిత్రం మసకగా ఉంటుంది. కానీ మనిషి కన్నీరు కార్చే భంగిమలోనే పరీక్ష జరుగుతుంది.

సీటీ వచ్చాక స్పష్టత విపరీతంగా పెరిగింది. ఆ నిటారు ఫిల్ము మాత్రం జారిపోయింది. ఎవరూ దాన్ని కాదని వాదించి తీసేయలేదు. యంత్రంలో బల్ల ఉంది కాబట్టి రోగి పడుకున్నాడు, అంతే. 1990 ప్రాంతంలో జైన్‌రైష్, మిల్లర్ తదితరులు కంట్లో చుక్కలుగా వేసిన కాంట్రాస్టుతోనే సీటీ తీయవచ్చని చూపించారు. గొట్టంలో సూది పెట్టనక్కరలేదు, రోగికి నొప్పి లేదు, కన్నీరు నడిచే పద్ధతికి దగ్గరగా ఉంటుంది అన్నది ఆ పద్ధతి ఆకర్షణ. అందులో మూడో మాటే కొంచెం ఆగి ఆలోచించాల్సింది.

తొలి రోజుల సీటీ యంత్రాలు అడ్డకోతలు బాగా తీసేవి కానీ, వాటి నుంచి నిలువుకోతలు కూర్చితే మెట్లుమెట్లుగా వచ్చేవి. అందుకే ముఖాన్ని నిలువుగా కోసే కొరోనల్ చిత్రాల కోసం తలనే వంచేవారు. దానికి రెండు దారులు. ఒకటి, రోగిని బోర్లా పడుకోబెట్టి గడ్డాన్ని ముందుకు చాపి ఆనించడం. రెండోది, వెల్లకిలా పడుకోబెట్టి తలను బల్ల అంచు నుంచి వెనక్కి వేలాడదీయడం. రెండింటిలోనూ వచ్చే కోత ఒకటే. ఫిల్ము మీద పేరూ ఒకటే, కొరోనల్. కన్నీటికి మాత్రం అవి పరస్పర విరుద్ధ పరిస్థితులు. బోర్లా పడుకుని గడ్డం బాగా ముందుకు చాపిన మనిషి తల దాదాపు నిటారుగా కూర్చున్నవాడి తలలాగే ఉంటుంది, కాబట్టి కాంట్రాస్ట్ ముక్కు వైపే దిగుతుంది. తల వేలాడదీసిన మనిషిలో నడినెత్తి నేలవైపు ఉంటుంది. కాంట్రాస్ట్ గొట్టాన్ని వదిలి సంచి పైకప్పు వైపు చేరుతుంది. సైనస్ సీటీలో ఇదే కారణంతో బోర్లా భంగిమకు మొగ్గు చూపేవారు, స్రావాలు కదిలి చూడాల్సిన ద్వారాలను కప్పేయకుండా. మెడ నొప్పి ఉన్న పెద్దవయసువారు ఏ భంగిమలోనూ పూర్తిగా వంగలేరు, కాబట్టి మిగతా కోణాన్ని గ్యాంట్రీ, అంటే యంత్రపు చట్రం, వంచి సరిపెట్టేవారు. ఆ కాలపు రోగుల వరసల్ని ఇప్పుడు చదివి "ఇంత శాతంలో కాంట్రాస్ట్ ముక్కు చేరింది" అనే అంకెను వాడుకోవాలంటే, ఎవరిని ఎలా పడుకోబెట్టారో ముందు వెతుక్కోవాలి.

1990ల చివర బహుళ వరసల సీటీ వచ్చాక ఈ బాధ తీరింది. ఒక్కసారి వెల్లకిలా తీసిన సన్నని కోతల నుంచి ఏ తలంలోనైనా చిత్రం కూర్చుకోవచ్చు. పంటి సిమెంటు, లోహపు టోపీల చారలు కన్నీటి దారి మీద పడకుండా తప్పించుకోవడం కూడా తేలికైంది. మెడకు సుఖం, రేడియాలజిస్టుకూ సుఖం. కానీ వెల్లకిలా ఒక్కటే భంగిమగా మిగిలేసరికి, భంగిమ అనేదే ఆలోచనలోంచి పోయింది.

వెల్లకిలా పడుకున్న కంట్లో చుక్క వేస్తే ఏమవుతుందో పడుకుని ఏడ్చిన ప్రతివారికీ తెలుసు. నీళ్ళు ముక్కు వైపు పోవు, చెవుల వైపు జారతాయి. కంటి బయటి కొస లోపలి కొస కంటే వెనక ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే వెనక అంటే కింద. కాబట్టి కాంట్రాస్ట్ పంక్టం ఉన్న చోటును వదిలి బయటి కొసన మడుగు కడుతుంది. ఈ స్థితిలో దారి పూర్తిగా తెరిచే ఉన్నా సంచిలో ఏమీ కనిపించకపోవచ్చు. దీనికి ఉపాయం ఖరీదైనదేమీ కాదు. పరీక్షించే కన్ను పైకి వచ్చేలా తలను రెండో వైపు తిప్పిస్తే, ఆ కంటి లోపలి కొస దిగువకు వస్తుంది, చుక్క అక్కడే నిలుస్తుంది. ఇంకా మంచిది, రోగిని కూర్చోబెట్టి కొన్ని నిమిషాల పాటు చుక్కలు వేస్తూ రెప్పలార్పించి, అప్పుడే బల్ల మీదికి తీసుకెళ్ళి వెంటనే స్కాన్ చేయడం. ప్రవాహం నిటారుగా జరుగుతుంది, చిత్రం మాత్రం పడుకోబెట్టి తీస్తారు. పడుకోవడానికీ స్కాన్ మొదలవడానికీ మధ్య పట్టే సమయాన్ని తగ్గించుకోవాలి, ఎందుకంటే ఆరోగ్యమైన గొట్టం అంతలోనే ఖాళీ అయిపోవచ్చు. ఖాళీగా కనిపించే గొట్టం రెండు రకాలుగా ఖాళీ కావచ్చు: ఏదీ దిగక, అంతా దిగిపోయి. ముక్కులోనో గొంతులోనో కాంట్రాస్ట్ ఉందా అని వెతకని రిపోర్టు ఈ రెండింటినీ ఒకటే చేసేస్తుంది.

సూదిగొట్టంతో నెట్టే పద్ధతిలో ఈ చిక్కు చాలావరకు లేదు. వేలి ఒత్తిడి ముందు గురుత్వం లెక్కలోకి రాదు. అడ్డంకి ఎక్కడుందో కచ్చితంగా తెలుసుకోవాలంటే అదే మేలు. దాని లోపం కూడా ఆ ఒత్తిడే. రోజువారీ కన్నీరు దాటలేని ఇరుకును కూడా అది దాటించి, దారి బాగానే ఉందనిపిస్తుంది. కడిగితే నీరు పోతుంది, అయినా కన్ను కారుతూనే ఉంటుంది అనే రోగులకు ఈ పద్ధతి ఇచ్చే సమాధానం వాళ్ళకు ముందే తెలిసిన సమాధానమే. వాళ్ళకు కావలసింది చుక్కల పరీక్ష, అదీ నిటారుగా. ముఖపక్షవాతం వల్ల రెప్ప సరిగా పడని మనిషికి వెల్లకిలా చుక్కల సీటీ తీస్తే సంచి ఖాళీగానే కనిపిస్తుంది. ఆ ఖాళీకి కారణం రెప్పలో ఉందా, గొట్టంలో ఉందా, బల్లలో ఉందా అన్నది ఆ చిత్రం చెప్పలేదు.

దీనికి తోడు కాంట్రాస్ట్ స్వభావం. విరివిగా వాడే అయోహెక్సాల్ 300 రకం నీటి కంటే మూడో వంతు దాకా బరువైనది, సాంద్రత సుమారు 1.35. చిక్కదనం శరీర ఉష్ణోగ్రత దగ్గర నీటికి చాలా రెట్లు. గది ఉష్ణోగ్రతలో అది ఇంకా దాదాపు రెట్టింపవుతుంది. ఏసీ గదిలోంచి తీసిన చల్లని సీసా చుక్కకూ, వెచ్చచేసి పలచన చేసిన చుక్కకూ సన్నని కాలువల్లో నడక ఒకలా ఉండదు. ఇది కంటికి కొంచెం మంట కూడా పుట్టిస్తుంది. మంటకు ఊరే కన్నీరు కాంట్రాస్టును ఇంకా పలచన చేస్తుంది.

బరువు వల్ల వచ్చే మరో తంటా నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోస్తుంది. గొట్టం మూసుకుపోయి ఉబ్బిన సంచిలో పాత కన్నీరు, జిగురు నిలిచి ఉంటాయి. అందులోకి దిగిన కాంట్రాస్ట్ వెల్లకిలా ఉన్నవాడిలో వెనక గోడ మీద పేరుకుంటుంది, ముందు భాగం నల్లగా మిగిలిపోతుంది. గాలిబుడగ ఉంటే అది ముందుకు తేలుతుంది. ఆ నల్లని భాగం సంచిలో రాయిలాగో, గడ్డలాగో కనిపించే ప్రమాదం ఉంది. గడ్డ అనుమానం చిన్న విషయం కాదు. రక్తం కలిసిన కన్నీరు, లోపలి కొస స్నాయువుకు పైన వాపు ఉన్నవారిలో కాన్సర్‌నే మొదట ఆలోచిస్తారు. ఇక్కడ భంగిమే పరిష్కారం. నల్ల భాగానికీ తెల్ల భాగానికీ మధ్య గీత నేలకు సమాంతరంగా సరళరేఖలా ఉంటే అది ద్రవమట్టం. తల తిప్పి మళ్ళీ కొన్ని కోతలు తీస్తే గీత జరుగుతుంది. రాయి అయితే అదీ జరగొచ్చు, కానీ దాని ఆకారం దానికి ఉంటుంది. గోడకు అంటుకున్న గడ్డ కదలదు. తల తిప్పి తీసే ఆ కొద్ది కోతల రేడియేషన్‌కు ఇలాంటి చోట నేను వెనకాడను.

ఇక ఎముక విషయం. 2001లో జాన్సెన్ బృందం ఎముక కాలువ కనిష్ఠ వ్యాసాన్ని సీటీలో కొలిచి, ఆరోగ్యవంతుల్లో సగటు 3.5 మిల్లీమీటర్లు, అడ్డంకి ఉన్నవారిలో 3.0 అని చెప్పింది. తేడా అర మిల్లీమీటరు. గొట్టానికి లంబంగా కాకుండా 30 డిగ్రీలు ఏటవాలుగా కోస్తే 3.5 ఉన్న రంధ్రం వాలు దిశలో 4.0గా కనిపిస్తుంది, 20 డిగ్రీలైతే 3.7. అంటే తల వంపు ఒక్కటే రెండు గుంపుల మధ్య తేడా అంత తప్పును తేగలదు. అయితే గడ్డం ఎత్తడం, దించడం వల్ల సాగేది ముందు-వెనక కొలత. అడ్డుకొలత దాదాపు అలాగే ఉంటుంది. తల భుజం వైపు ఒరిగితే చెడేది అడ్డుకొలత. అన్ని అధ్యయనాలూ ఒకే కొలతను కొలవలేదు, అందుకే వాటి అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం అంత తేలిక కాదు. ఇప్పటి యంత్రాల్లో గొట్టం అక్షానికి లంబంగా కోతను మళ్ళీ కూర్చుకుంటే ఈ తప్పు దాదాపు పోతుంది.

మెత్తని కణజాలం మాత్రం అంత కుదురుగా ఉండదు. సంచి, గొట్టం చుట్టూ రక్తంతో ఉబ్బి తగ్గే సిరల జాలం ఉందనీ, అది కింది టర్బినేట్‌లోని జాలంతో కలిసి ఉంటుందనీ, కన్నీటి ప్రవాహాన్ని బిగించి వదలగలదనీ శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ పౌల్సెన్ బృందం చూపించింది. పడుకుంటే ముక్కు బిగుసుకుంటుందనీ, పక్కకు పడుకుంటే కింది వైపు ముక్కు ఎక్కువ బిగుసుకుంటుందనీ అందరికీ అనుభవమే. ఈ రెండింటినీ కలిపితే, పడుకున్న మనిషి గొట్టం కూర్చున్న మనిషి గొట్టం కంటే ఇరుకుగా ఉండవచ్చని అనిపిస్తుంది. ఇది సహేతుకమైన ఊహే. రుజువైన విషయంగా రిపోర్టుల్లో రాసే స్థాయికి ఇంకా రాలేదు.

కూర్చోబెట్టి తీసే సీటీ రాకతో ఈ ప్రశ్న కొత్తగా ముందుకు వచ్చింది. పంటి డాక్టర్ల దగ్గర ఎక్కువగా ఉండే కోన్ బీమ్ సీటీలో రోగి గడ్డాన్ని ఆనించి కూర్చుంటాడు, యంత్రం తల చుట్టూ తిరుగుతుంది. గత దశాబ్దంన్నరలో దీనితో డీసీజీ చేసే బృందాలు యూరప్‌లో, జపాన్‌లో పెరిగాయి. సన్నని ఎముక గోడలను ఇది చాలా వివరంగా చూపిస్తుంది, రేడియేషన్ సాధారణంగా తక్కువ, ముఖ్యంగా కన్నీరు తన సహజ దిశలో పోతుండగా చూపిస్తుంది. బలహీనతలూ ఉన్నాయి. ఒక చుట్టు తిరగడానికి 10 నుంచి 20 సెకన్లు పట్టే యంత్రాల్లో రోగి ఒక్కసారి మింగినా చిత్రం చెదురుతుంది. గడ్డకూ చీముకూ తేడా చెప్పేంత కణజాల స్పష్టత ఉండదు. కాబట్టి కాన్సర్ అనుమానం ఉన్న చోట, ముఖానికి పెద్ద దెబ్బ తగిలిన చోట పడుకోబెట్టే సీటీయే సరైనది. మొత్తం శరీరాన్ని నిలబెట్టి తీసే 320 వరసల సీటీని జపాన్‌లో కెయో విశ్వవిద్యాలయం వాడుకలోకి తెచ్చింది. అలాంటి యంత్రాలు అందరికీ అందితే కన్నీటి దారికి పాత నిటారు ఫిల్ము పూర్తి హుందాతనంతో తిరిగొస్తుంది. అది మన జిల్లా కేంద్రాలకు దగ్గర్లో ఉన్న సంగతి కాదు.

ఎమ్మారై డీసీజీకి రేడియేషన్ లేదు, ఉప్పునీటి చుక్కలతోనే సరిపోతుంది. కానీ అదీ వెల్లకిలా తీసేదే, పైగా ఎక్కువసేపు. పైన చెప్పిన భంగిమ ఇబ్బందులు దానికీ వర్తిస్తాయి. పసిపిల్లల సంగతి వేరు. పుట్టుకతో గొట్టం చివర పొర తెరుచుకోని పిల్లల్లో అత్యధికులకు ఏడాదిలోపు మర్దనతో, దానంతటదే నయమవుతుంది, వాళ్ళకు సీటీ అక్కరలేదు. ముఖ నిర్మాణ లోపాల వల్ల తప్పక తీయాల్సి వస్తే మత్తు ఇచ్చి తీస్తారు. మత్తులో రెప్పపాటు ఉండదు కాబట్టి అప్పుడు చుక్కల ప్రవాహం గురించి మాట్లాడటమే అనవసరం. ఎముకను చూసి ఊరుకోవాలి.

ఈ విషయం మీద సాక్ష్యం ఇంత పలచగా ఉండటానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే కాదు. భంగిమ ప్రభావాన్ని విడిగా తేల్చాలంటే ఒకే మనిషికి, ఒకే కంటికి, అన్నే చుక్కలతో, రెండు భంగిమల్లో తీయాలి. మొదటిసారి కాంట్రాస్ట్ పూర్తిగా పోయాకే రెండోసారి తీయాలి. కంటి కటకం స్కాన్ పరిధిలోనే ఉంటుంది. శుక్లానికి దారితీసే మోతాదు హద్దును అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 2011లో 0.5 గ్రేకు తగ్గించింది. ఒక స్కాన్ దానికి చాలా దూరంలోనే ఉన్నా, కుతూహలం కోసం ఆరోగ్యవంతుల కళ్ళకు రెండుసార్లు తీయడం సమర్థించుకోవడం కష్టం. అందుకే మనకు దొరికేవి ఒకచోట కూర్చోబెట్టి తీసిన వరస, ఇంకోచోట పడుకోబెట్టి తీసిన వరస. వాటి మధ్య యంత్రం, మందు, చుక్కల సంఖ్య, రోగుల రకం అన్నీ మారిపోయి ఉంటాయి. ఆ తేడాలన్నింటినీ భంగిమ ఖాతాలో వేసే వ్యాసాలను నేను అనుమానంగానే చదువుతాను.

మన దగ్గర ఈ పనికి తగిన పునాది ఉంది. చెన్నై వైద్యులు హెలికల్ సీటీ డీసీజీ మీద 2008లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో రాశారు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో కన్నీటి దారి వ్యాధులకే ప్రత్యేకమైన విభాగం ఉంది. అక్కడి డాక్టర్ మహమ్మద్ జావేద్ అలీకి 2019లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం వచ్చింది. ఇంతమంది రోగులు ఒకచోటికి వచ్చే కేంద్రాల్లో ఎలాగూ తీసే స్కాన్‌లకే భంగిమ వివరం జత చేస్తే, అదనపు రేడియేషన్ లేకుండానే కొన్నేళ్ళలో పోల్చదగ్గ సమాచారం పోగవుతుంది.

రాయాల్సింది ఎక్కువేమీ కాదు. చుక్కలా, సూదిగొట్టమా, చుక్కలు వేసేటప్పుడు కూర్చున్నారా, పడుకున్నారా, రెప్పలార్పారా, స్కాన్ ఏ భంగిమలో, గడ్డం ఎలా ఉంది, చివరి చుక్కకూ స్కాన్‌కూ మధ్య ఎన్ని నిమిషాలు, ముక్కులో, గొంతులో కాంట్రాస్ట్ కనిపించిందా. ఇవి తెలిసేది రేడియాలజిస్టుకు కాదు, రోగిని బల్ల మీద సర్దిన టెక్నీషియన్‌కు. కాబట్టి ఈ గడులు ఉండాల్సింది టెక్నీషియన్ నింపే కాగితం మీద. కన్నీటి సంచి నుంచి ముక్కులోకి కొత్త దారి వేసే డీసీఆర్ శస్త్రచికిత్స నిర్ణయించబోయే సర్జన్‌కు, సిరంజిలో నీరు బాగానే దిగుతున్నా సీటీలో "కనిపించలేదు" అని వస్తే, ముందుగా అడగాల్సింది ఆ కాగితాన్నే.